ఫెండర్ డీలక్స్ రివెర్బ్ యాంప్లిఫయరు - వాల్వుల నిర్వహణ

ఫెండర్ డీలక్స్ రివెర్బ్ అనేది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఫుల్లర్టన్ పట్టణంలో ఫెండర్ సంస్థ 1963లో తయారీ ప్రారంభించిన గిటారు యాంప్లిఫయరు. దీని సామర్థ్యం సుమారు 22 వాట్లు. ఇది ట్రాన్సిస్టర్లతో కాక శూన్యనాళికలతో పనిచేస్తుంది. శూన్యనాళికను ఇంగ్లండులో వాల్వు అనీ, అమెరికాలో ట్యూబు అనీ అంటారు. మన దేశంలో వాల్వు రేడియోలు విన్న తరానికి మొదటి పేరే పరిచయం కనుక ఈ వ్యాసంలో దానినే వాడడం జరిగింది. 1963 - 1967 మధ్య వెలువడిన, నల్లని ముందుపలక గల డీలక్స్ రివెర్బ్‌లను నేటికీ వాద్యకారులు, సేకరణకర్తలు కోరి కొంటున్నారు. అరవై ఏళ్ళ వయసున్న ఈ యంత్రాలలో వాల్వు అరిగిపోవడం సహజం, దానిని మార్చుకోవచ్చు. కానీ అరిగిన వాల్వును గుర్తించక వాడడం వలన అసలు ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతే వాటికి సరిసాటి దొరకడం కష్టం. సరైన జాగ్రత్త లేకుండా లోపల చేయి పెడితే ప్రాణానికే ముప్పు. ఈ రెండు కారణాల వలన వీటి నిర్వహణను కొంత వివరంగా తెలుసుకోవలసి ఉంది.

వాల్వు పనిచేసే తీరు

గాలి తీసివేసిన గాజు బుడ్డిలో క్యాథోడును ఒక చిన్న తీగ వేడిచేస్తుంది. ఈ తీగను హీటరు అంటారు. వేడెక్కిన క్యాథోడు నుండి ఎలక్ట్రానులు వెలువడి, అధిక ధన వోల్టేజి గల ప్లేటు వైపు ప్రయాణిస్తాయి. మధ్యలో ఉండే గ్రిడ్ అనే సన్నని తీగచుట్టపై కొద్దిపాటి ఋణ వోల్టేజి ఉంచితే ఈ ప్రవాహం తగ్గుతుంది. గిటారు నుండి వచ్చే బలహీనమైన సంకేతాన్ని గ్రిడ్‌కు ఇచ్చినపుడు ప్లేటు వద్ద అదే సంకేతం అనేక రెట్లు పెద్దదై కనబడుతుంది. రెండు ధ్రువాల వాల్వును 1904లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్, గ్రిడ్ చేర్చిన వాల్వును 1906లో లీ డి ఫారెస్ట్ రూపొందించారు.

వాల్వులో మరమ్మత్తు చేయదగిన భాగం ఏదీ లేదు. క్యాథోడు పూత అరిగినా, లోపలి భాగాలు వదులైనా, శూన్యం చెడినా వాల్వును మార్చడమే మార్గం. కనుక నిర్వహణ అంటే ప్రధానంగా ఏ వాల్వు చెడిందో కనుగొనడం, అంతకంటే ముఖ్యంగా చెడింది వాల్వేనా లేక దాని చుట్టూ ఉన్న సర్క్యూటా అని తేల్చడం.

ఇందులోని వాల్వులు

ఏబి763 అనే సర్క్యూటు గల డీలక్స్ రివెర్బ్‌లో తొమ్మిది వాల్వులు ఉంటాయి. ఆ పేరులోని 763 అంకెలు 1963 జులైని సూచిస్తాయి. యాంప్లిఫయరును వెనుక నుండి చూస్తే కుడి చివర ఉన్నది వి1, ఎడమ చివర ఉన్నది వి9. పెట్టె లోపలి గోడకు అతికించిన కాగితపు పట్టికపై వీటి వరుస ముద్రించి ఉంటుంది. అది చిరిగిపోకుండా చూసుకోవాలి.

వి1 నార్మల్ ఛానెలుకు, వి2 వైబ్రాటో ఛానెలుకు తొలి వాల్వులు. వి3 రివెర్బ్ స్ప్రింగులను నడుపుతుంది, వి4 ఆ స్ప్రింగుల నుండి తిరిగి వచ్చిన సంకేతాన్ని పెంచి అసలు సంకేతంతో కలుపుతుంది. వి5 ట్రెమొలో కంపనాన్ని పుట్టిస్తుంది. వి6 సంకేతాన్ని పరస్పర వ్యతిరేకమైన రెండు భాగాలుగా విడదీస్తుంది. ఆ రెండు భాగాలనూ వి7, వి8 అనే పవర్ వాల్వులు అందుకొని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ద్వారా స్పీకరును నడుపుతాయి. వి9 రెక్టిఫయరు. వీటిలో వి3, వి6 స్థానాలలో 12ఏటి7 రకం, మిగిలిన చిన్న వాల్వులన్నింటికీ 12ఏఎక్స్7 రకం లేదా దానిలోనే తక్కువ రొద గల 7025, పవర్ వాల్వులుగా 6వి6జిటి జత, రెక్టిఫయరుగా జిజెడ్34 వాడారు.

ఈ పేర్లు అర్థం లేనివి కావు. అమెరికా పద్ధతిలో మొదటి అంకె హీటరు వోల్టేజిని తెలుపుతుంది: 12 అంటే 12.6 వోల్టులు, 6 అంటే 6.3 వోల్టులు, 5 అంటే 5 వోల్టులు. 12ఏఎక్స్7 హీటరుకు నడుమ కూడా ఒక పిన్ను ఉన్నందున దానిని 6.3 వోల్టులపై కూడా నడపవచ్చు. ఫెండర్ చేసింది అదే. యూరపు పద్ధతిలో 12ఏఎక్స్7 పేరు ఇసిసి83. మొదటి ఇ అక్షరం 6.3 వోల్టుల హీటరును, రెండు సి అక్షరాలు రెండు ట్రయోడులను సూచిస్తాయి. జిజెడ్34లోని జి 5 వోల్టుల హీటరును, జెడ్ పూర్తితరంగ రెక్టిఫయరును సూచిస్తాయి. ఇదే అమెరికాలో 5ఏఆర్4. 12ఏటి7కు యూరపు పేరు ఇసిసి81. దుకాణంలో ఒక పేరు దొరకనపుడు రెండవ పేరుతో అడిగితే సరిపోతుంది.

ప్రాణాపాయం - ముందుజాగ్రత్తలు

ఈ యాంప్లిఫయరు లోపల 400 వోల్టులకు మించిన ఏకదిశా విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా ఫిల్టరు కెపాసిటర్లు ఆ వోల్టేజిని నిలుపుకొని ఉండవచ్చు. వాల్వులు బయటినుండి మార్చడానికి చాసిస్ విప్పనవసరం లేదు; ప్లగ్గు తీసి, వాల్వులు చల్లారాక మార్చుకోవచ్చు. చాసిస్ విప్పవలసి వస్తే మాత్రం ముందు స్టాండ్‌బై స్విచ్చిని వాయించే స్థితిలోనే ఉంచి మెయిన్ స్విచ్చి ఆపాలి. అప్పుడు ఇంకా వేడిగా ఉన్న వాల్వుల ద్వారా కెపాసిటర్లలోని విద్యుత్తు చాలావరకు ఖాళీ అవుతుంది. అది చాలదు. మల్టీమీటరుతో కొలిచి, వోల్టేజి మిగిలి ఉంటే కొన్ని కిలో ఓముల, 5 వాట్ల నిరోధకాన్ని ఇన్సులేషన్ గల తీగలతో కెపాసిటరుకూ చాసిస్‌కూ మధ్య కొంతసేపు ఉంచి, మళ్ళీ కొలవాలి. స్క్రూడ్రైవరుతో షార్టు చేయడం పాత మెకానిక్కుల అలవాటే గానీ మంచిది కాదు. పెద్ద నిప్పురవ్వ వచ్చి కెపాసిటరు దెబ్బతినవచ్చు. కరెంటు ఉండగా కొలతలు తీయవలసి వచ్చినపుడు ఒక చేతిని జేబులో ఉంచుకోవడం ఈ వృత్తిలోని పాత నియమం. ఒక చేతి నుండి మరొక చేతికి విద్యుత్తు ప్రవహిస్తే దాని దారి గుండె మీదుగానే.

ఆనాటి యాంప్లిఫయర్లకు రెండు తీగల కరెంటు త్రాడు, ఎర్తుకు బదులుగా చాసిస్‌కు కలిపిన ఒక కెపాసిటరు ఉండేవి. ఆ కెపాసిటరు షార్టయితే చాసిస్‌కు, తద్వారా గిటారు తీగలకు నేరుగా మెయిన్ వోల్టేజి చేరుతుంది. దానిని తొలగించి మూడు తీగల త్రాడు వేయించడం సేకరణ విలువకు భంగమని కొందరు వాదిస్తారు. వాద్యం వాయించే మనిషి విలువ ముందు ఆ వాదన నిలవదు.

మన దేశంలో వాడేవారు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. అమెరికాలో అమ్మిన ఈ యాంప్లిఫయర్లు 117 వోల్టులకు తయారైనవి. మన 230 వోల్టుల సరఫరాకు నేరుగా కలిపితే క్షణాలలో కాలిపోతాయి. కనీసం 300 వోల్ట్-ఆంపియర్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. చవక రకాలలో అవతలివైపు రెండు పిన్నుల సాకెట్టే ఉంటుంది. ఎర్తు తీగ గోడ నుండి యాంప్లిఫయరు వరకు తెగకుండా వచ్చేలా చేయించుకోవాలి. మన 50 హెర్ట్జుల సరఫరాపై, 60 హెర్ట్జులకు చేసిన ట్రాన్స్‌ఫార్మరు కొంత ఎక్కువగా వేడెక్కుతుంది. 230ని సగం చేస్తే వచ్చే 115 వోల్టులు మాత్రం నేటి అమెరికా ఇళ్ళలోని 120 వోల్టుల కంటే ఈ యంత్రం పుట్టిననాటి సరఫరాకే దగ్గర. ఆ మేరకు ఇక్కడి వాడుకరికి మేలే.

స్పీకరు కలపకుండా వాల్వు యాంప్లిఫయరును ఎన్నడూ వాయించరాదు. భారం లేని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో పుట్టే ఎత్తైన వోల్టేజి దాని ఇన్సులేషన్‌ను, వాల్వు సాకెట్లను పాడుచేయగలదు.

లోపాన్ని కనుగొనుట

ఫ్యూజు పోవడం: వెనుకపలకపై రాసిన విలువకు మించిన ఫ్యూజు వేయరాదు. ఎక్కువ విలువ ఫ్యూజు వేసినపుడు ఫ్యూజు మిగిలి ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. ముందుగా రెక్టిఫయరు వి9ను, పవర్ వాల్వులు వి7, వి8లను తీసివేసి కొత్త ఫ్యూజుతో పెట్టాలి. ఇప్పుడు కూడా పోతే లోపం పవర్ ట్రాన్స్‌ఫార్మరులో గానీ హీటరు తీగలలో గానీ ఉన్నది. వాల్వులు మార్చి ప్రయోజనం లేదు. ఫ్యూజు నిలిస్తే రెక్టిఫయరును మాత్రం తిరిగి పెట్టాలి. అప్పుడు పోతే రెక్టిఫయరు షార్టయినట్లు, లేదా ఫిల్టరు కెపాసిటర్లు చెడినట్లు. అప్పటికీ నిలిచి, పవర్ వాల్వులు పెట్టినపుడే పోతే వాటిలో ఒకటి షార్టయి ఉండాలి, లేదా వాటికి అందవలసిన బయస్ వోల్టేజి లేకపోయి ఉండాలి. ప్రతి మెట్టుకూ ఒక ఫ్యూజు ఖర్చవుతుంది కాబట్టి కొన్ని దగ్గర ఉంచుకుని మొదలుపెట్టాలి.

ప్లేటు ఎర్రబడడం: వాల్వు నడిమిలోని హీటరు నారింజ రంగులో వెలగడం సహజం. బయటి బూడిదరంగు ప్లేటే ఎర్రగా కాలుతుంటే మాత్రం వెంటనే ఆపివేయాలి. ఆలస్యమైన కొద్దీ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరుకు ప్రమాదం. రెండు పవర్ వాల్వులూ ఎర్రబడితే బయస్ సరఫరా మొత్తం పోయిందని అనుమానించాలి. ఆ భాగంలోని పాత ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు దీనికి తరచు కారణం. ఒక్కటే ఎర్రబడితే ఆ రెండింటి స్థానాలు తారుమారు చేసి గమనించాలి. ఎరుపు వాల్వుతో పాటు జరిగితే వాల్వు చెడినది. వాల్వు మారినా అదే సాకెట్టులో ఎరుపు కనబడితే లోపం సర్క్యూటుది: వి6 నుండి గ్రిడ్‌కు సంకేతం తెచ్చే కెపాసిటరు లీకయి ధన వోల్టేజిని పంపుతుండవచ్చు, లేదా సాకెట్టులో గ్రిడ్ పిన్ను అంటకపోవచ్చు. ఈ తారుమారు పరీక్షకు పరికరమేదీ అక్కరలేదు. అయినా దీనిని చేయకుండానే కొత్త జత కొని, దానిని కూడా కాల్చుకునేవారు ఎక్కువ.

వెలుగుల విషయంలో అపోహలు చాలా ఉన్నాయి. పవర్ వాల్వు గాజు లోపలి గోడపై నీలి కాంతి ఆడుతూ కనబడడం ఎలక్ట్రానులు గాజును తాకినందువల్ల కలిగేది. అది లోపం కాదు. ప్లేట్ల మధ్య ఖాళీలో గులాబీ-ఊదా రంగు పొగలా నిండితే లోపల వాయువు చేరినట్లు; ఆ వాల్వును వాడరాదు. గాజు కొనన అద్దంలా మెరిసే పూత లోపల మిగిలిన వాయువులను పీల్చుకునే బేరియం. అది పాలవలె తెల్లబడిందంటే గాలి చొరబడినదని అర్థం, వేరే పరీక్ష అవసరం లేదు.

మోతలు, చిటపటలు: ఫిర్యాదులలో ఇవే అధికం, ఇక్కడే వాల్వులపై అన్యాయంగా నింద పడుతుంది. ముందు గిటారు తీగను పీకి చూడాలి. మోత ఇంకా ఉంటే ఛానెలు వాల్యూమ్ మరను తిప్పాలి. మరతో పాటు మోత హెచ్చుతగ్గులవుతుంటే అది మరకు ముందున్న భాగంలో, అంటే వి1 లేదా వి2 వాల్వులోని మొదటి సగంలో పుడుతున్నది. ఒక్కొక్క 12ఏఎక్స్7లో రెండు ట్రయోడులు ఉంటాయనీ, ఒక సగం మరకు ముందు, మరొక సగం మర తరువాత పనిచేస్తాయనీ గుర్తుంచుకోవాలి. మరతో సంబంధం లేకుండా మోత వస్తుంటే స్టాండ్‌బైలో ఉంచి వి6ను తీసి చూడాలి. అప్పుడు కూడా వస్తే పవర్ వాల్వులు లేదా విద్యుత్ సరఫరా. ఆగిపోతే వి6ను తిరిగి పెట్టి వి4, వి2, వి1లను ఒక్కొక్కటిగా తీస్తూ ఏది తీసినపుడు నిశ్శబ్దమవుతుందో గమనించాలి. వైబ్రాటో ఛానెలు సంకేతం వి4 గుండా పోతుంది, నార్మల్ ఛానెలు సంకేతం నేరుగా వి6కు చేరుతుంది. కనుక మోత ఒక్క ఛానెలులోనే ఉంటే వెదకవలసిన చోటు సగానికి తగ్గుతుంది.

అనుమానిత వాల్వు స్థానంలో మంచిదని తెలిసిన వాల్వు పెట్టినా చిటపట పోకపోతే ఆ స్థానంలోని 100 కిలో ఓముల ప్లేటు నిరోధకాన్ని చూడాలి. ఆనాటి కార్బన్ నిరోధకాలు ఏళ్ళు గడిచేకొద్దీ వర్షపు చినుకుల వంటి చప్పుడు చేస్తాయి. ఒకే స్వరంలో జుమ్మనే మోత అయితే దాని స్థాయి కూడా ఆధారమే. సరఫరా పౌనఃపున్యం వద్ద, అంటే ఇక్కడ 50, అమెరికాలో 60 హెర్ట్జుల వద్ద ఉంటే హీటరు నుండి క్యాథోడుకు లీకు గానీ ఎర్తు లోపం గానీ కారణం. దానికి రెట్టింపుగా ఉంటే ఫిల్టరు కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు, లేదా రెండు పవర్ వాల్వులు సరితూగక పోవచ్చు. ఈ కెపాసిటర్లు చాసిస్ వెలుపల ఒక లోహపు మూత కింద ఉంటాయి. అరవై ఏళ్ళ నాటివి ఇంకా అలాగే ఉంటే వాటిని మార్పించిన తరువాతే వాల్వుల సంగతి ఆలోచించడం మేలు.

వాల్వులోని భాగాలు వదులైనపుడు అది మైక్రోఫోనులా ప్రవర్తిస్తుంది. పెన్సిలు వెనుకభాగంతో ఒక్కొక్క వాల్వును మెల్లగా తడితే చెడినది స్పీకరులో గంటలా మోగుతుంది. తొలి స్థానాలలోని మంచి వాల్వు కూడా కొద్దిగా చప్పుడు చేస్తుంది. తట్టిన తరువాత ఆగక మోగుతుంటేనే మార్చాలి. అటువంటి 12ఏఎక్స్7ను పారవేయనక్కరలేదు, వి5 స్థానంలో చాలాకాలం పనికివస్తుంది.

రివెర్బ్, ట్రెమొలో: రివెర్బ్ రాకపోతే వి3, వి4లను మార్చి చూడాలి. వి3 12ఏటి7 యొక్క రెండు సగాలూ జతగా, దాని పట్టికలో చెప్పిన 300 వోల్టులను మించిన ప్లేటు వోల్టేజిపై పనిచేస్తాయి. అందుచేత చిన్న వాల్వులలో ముందుగా అలసిపోయేది ఇదే. వాల్వులు బాగానే ఉంటే పెట్టె అడుగున ఉన్న స్ప్రింగుల పెట్టెకు పోయే తీగలు తెగాయేమో చూడాలి. ట్రెమొలో పనిచేయడం లేదని వచ్చే యాంప్లిఫయర్లలో కొన్నింటికి లోపమే ఉండదు; ఈ నమూనాలో కాలి స్విచ్చి కలపనిదే ట్రెమొలో మొదలు కాదు.

బయస్ సరిచేయుట

పవర్ వాల్వుల గ్రిడ్‌పై ఉంచే ఋణ వోల్టేజిని బయస్ అంటారు. ఇందులో అది సుమారు 35 వోల్టులు. దీనిని స్థిర బయస్ పద్ధతి అంటారు గానీ, స్క్రూతో మార్చగలిగేది ఈ పద్ధతిలోనే. పేరు చూసి భ్రమపడరాదు. చిన్న వాల్వులు మార్చినపుడు దీని జోలికి పోనక్కరలేదు. వి7, వి8 మార్చినపుడు మాత్రం సరిచూడాలి.

6వి6జిటి ప్లేటు 12 వాట్ల వేడిని భరించగలదని తయారీదారుల తొలి పట్టికలు చెబుతాయి. సంకేతం లేనపుడు అందులో 70 శాతం, అంటే 8.4 వాట్లు మించకుండా ఉంచడం వాడుక. ప్లేటు వోల్టేజి 415 అయితే 8.4ను 415తో భాగించగా సుమారు 20 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. దీనిని కొలవడానికి ప్రతి పవర్ వాల్వు క్యాథోడుకు, అంటే 8వ పిన్నుకూ చాసిస్‌కూ మధ్య ఒక ఓము నిరోధకాన్ని శాశ్వతంగా చేరుస్తారు. దానిపై కనబడే మిల్లీవోల్టులే మిల్లీ ఆంపియర్లు. ఈ కొలతలో స్క్రీను గ్రిడ్ విద్యుత్తు కూడా కొంత కలిసి ఉంటుంది కనుక అసలు ప్లేటు విద్యుత్తు కాస్త తక్కువే. బయస్ మార్చితే ప్లేటు వోల్టేజి కూడా మారుతుంది. మళ్ళీ కొలిచి మళ్ళీ లెక్కించాలి. రెండు వాల్వుల మధ్య రెండు మూడు మిల్లీ ఆంపియర్ల తేడా ఉన్నా నష్టం లేదు.

415 వోల్టులు అనేది 6వి6జిటి పట్టికలో అనుమతించిన ప్లేటు వోల్టేజికి చాలా ఎక్కువ. ఆనాటి అమెరికా వాల్వులు ఈ భారాన్ని మోశాయి. తరువాత వచ్చిన రకాలలో కొన్ని మోయలేకపోయాయి. కొనేముందు ఈ యాంప్లిఫయరుకు పనికివస్తుందా అని అడగడం అవసరం.

రెక్టిఫయరు విషయంలో కూడా ఒక జాగ్రత్త ఉంది. జిజెడ్34 బదులు అదే సాకెట్టులో 5యు4జిబి పడుతుంది. కానీ జిజెడ్34 హీటరు 1.9 ఆంపియర్లు తీసుకుంటే ఇది 3 ఆంపియర్లు లాగి ట్రాన్స్‌ఫార్మరుపై భారం పెంచుతుంది. 5వై3 హీటరుకు 2 ఆంపియర్లే చాలు గానీ, దానిగుండా వచ్చే వోల్టేజి తక్కువ. ధ్వని మెత్తబడుతుంది, బయస్ తిరిగి సరిచేయాలి.

సాకెట్లు, శుభ్రత

వాల్వును తీసేటపుడు గాజును మెలితిప్పకుండా, అడుగుభాగం పట్టుకుని కొద్ది కొద్దిగా అటూఇటూ కదుపుతూ నిటారుగా లాగాలి. 6వి6 అడుగున మధ్యలో ఉండే ప్లాస్టిక్ బొడిపె విరిగిపోతే పిన్నులు ఏ దిక్కునైనా దూరతాయి. అలా తప్పుగా పెడితే ఒక్కసారికే వాల్వు, ట్రాన్స్‌ఫార్మరు పోవచ్చు. బొడిపె విరిగినదానిని వాడకపోవడమే క్షేమం.

పిన్నులపై నలుపు చేరి అంటకపోవడం వలన వచ్చే లోపాలు వాల్వు లోపాలనే పోలి ఉంటాయి. కాంటాక్టు క్లీనరు కొద్దిగా పిన్నులకు రాసి, వాల్వును నాలుగైదుసార్లు దూర్చి తీస్తే చాలావరకు పోతుంది. సాకెట్టులోకి నేరుగా ధారగా కొట్టరాదు. వదులైన పట్టులను సూది వంటి పనిముట్టుతో బిగించవచ్చు, అయితే కెపాసిటర్లు ఖాళీ చేశాకే. గాజుపై వేలిముద్రలు పడితే వాల్వు పగులుతుందన్న మాట హాలోజన్ దీపాలకు వర్తిస్తుంది, వీటికి కాదు. తడిగుడ్డతో తుడిస్తే మాత్రం పాత ముద్ర చెరిగిపోయి అది ఏ రకమో తెలియకుండా పోతుంది.

వాల్వుల లభ్యత

ఇంగ్లండులో బ్లాక్‌బర్న్ వద్ద ముల్లార్డ్, అమెరికాలో ఆర్‌సిఏ, సిల్వేనియా, జనరల్ ఎలక్ట్రిక్ వంటి సంస్థలు ఒకప్పుడు వీటిని పెద్దసంఖ్యలో తయారుచేశాయి. మన దేశంలో బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా రేడియో వాల్వులు తయారుచేసింది. పాత రేడియో మరమ్మత్తు దుకాణాలలో ఆ పేరుగలవి ఇప్పటికీ అక్కడక్కడ కనబడతాయి. ట్రాన్సిస్టరు రాకతో ఆ కర్మాగారాలు వాల్వుల తయారీ మానివేశాయి. నేడు గిటారు యాంప్లిఫయర్లకు కావలసినవి ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనా దేశాల నుండి వస్తున్నాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తరువాత రష్యా ఎగుమతులపై పెట్టిన ఆంక్షల వలన కొంతకాలం ధరలు పెరిగి కొరత ఏర్పడింది.

పాత నిల్వలలోని వాడని వాల్వులకు అధిక ధర పలుకుతుంది, అందువలన నకిలీలూ ఉన్నాయి. సాధారణమైన వాల్వుపై ఖ్యాతిగల పేరు అచ్చువేయడం కష్టం కాదు. పైగా ఆ రోజులలోనే ఒక సంస్థ తయారీని మరొక సంస్థ తన పేరుతో అమ్మడం వాడుక కనుక పేరు ఒక్కటే రుజువు కాజాలదు; ప్లేటు ఆకారం, గాజు అడుగున చెక్కిన సంకేతాలు చూడాలి. ముల్లార్డ్ వాల్వులపై ఆ సంకేతంలోని బి అక్షరం బ్లాక్‌బర్న్ కర్మాగారాన్ని సూచిస్తుంది.

వాల్వు టెస్టరులో బాగున్నట్లు తేలిన వాల్వు యాంప్లిఫయరులో చెడుగా ప్రవర్తించవచ్చు. చాలా టెస్టర్లు 400 వోల్టుల వద్ద పరీక్షించవు, మైక్రోఫోను గుణాన్ని అసలే చూపవు. మంచివని తెలిసిన 12ఏఎక్స్7, 12ఏటి7 ఒక్కొక్కటి, 6వి6 జత ఒకటి, రెక్టిఫయరు ఒకటి, కొన్ని సరైన ఫ్యూజులు విడిగా ఉంచుకుంటే, పై పరీక్షలలో విప్పకుండా చేయగలిగినవన్నీ వాటితోనే చేసుకోవచ్చు.